అడగడం తెలిస్తేనే జవాబు: సైన్స్ పీజీ, పీహెచ్‌డీల్లో చాట్‌బాట్‌ల వాడకం

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్న ఒక బయాలజీ విద్యార్థినిని ఊహించుకుందాం. ఒక మందు పనిచేస్తుందో లేదో చూడటానికి ఆమె మూడు ఎలుకలకు మందు ఇచ్చింది, మరో మూడింటికి ఇవ్వలేదు. ఒక్కో ఎలుక నుంచి 20 కణాలు తీసి మైక్రోస్కోప్ కింద కొలిచింది. అటు 60, ఇటు 60 కొలతలు చేతికొచ్చాయి. మర్నాడే ల్యాబ్ మీటింగ్. రాత్రి పదకొండింటికి చాట్‌బాట్ తెరిచి అడిగింది: "నా దగ్గర రెండు గ్రూపుల డేటా ఉంది, ఒక్కో గ్రూపులో 60 కొలతలు. రెండింటి మధ్య నిజంగా తేడా ఉందో లేదో తేల్చాలంటే ఏ టెస్ట్ వాడాలి?"

క్షణాల్లో జవాబు వచ్చింది. రెండు గ్రూపుల సగటులను పోల్చే టీ-టెస్ట్ చేయమంది. చేసేముందు ఏమేం సరిచూసుకోవాలో చెప్పింది. పైథాన్ కోడ్ కూడా రాసిచ్చింది. కోడ్ ఒక్క ఎర్రర్ లేకుండా నడిచింది. పీ-వాల్యూ, అంటే నిజంగా తేడా లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం, 0.001 కంటే తక్కువ. టెన్షన్ తీరిపోయి ఆమె నిద్రపోయింది.

అడిగినదానికి చాట్‌బాట్ సరిగ్గానే చెప్పింది. చిక్కంతా ఆమె చెప్పకుండా వదిలేసినదాంట్లో ఉంది. ఒకే ఎలుక నుంచి తీసిన 20 కణాలు ఒకే ఒంట్లో పెరిగినవి. ఒకే రక్తం, ఒకే వయసు, ఒకే రోజు తీసిన శాంపిల్. అవి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. వాటిని 20 వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కపెట్టడం అంటే, ఒకే సాక్షిని ఇరవైసార్లు బోనెక్కించి ఇరవైమంది చెప్పారనడమే. పైగా మందు ఇచ్చింది ఎలుకకు, కణానికి కాదు. కాబట్టి ఒక్కో గ్రూపులో అసలు సంఖ్య 60 కాదు, 3. కణాలు అదనంగా ఇచ్చే సమాచారాన్ని లెక్కలోకి తీసుకున్నా అది పెద్దగా పెరగదు. ఒకే ఎలుకలోని కణాల మధ్య సహసంబంధం (ఒకదాన్నొకటి పోలి ఉండే స్థాయి) 0.3 ఉందనుకుంటే, 60 కొలతలనూ 1 + (20 - 1) × 0.3, అంటే 6.7తో భాగించాలి. మిగిలేది దాదాపు 9 స్వతంత్ర కొలతల విలువ. అరవై అనుకున్నది తొమ్మిదికి దిగేసరికి ఆ పీ-వాల్యూ నిలబడుతుందో లేదో చెప్పలేం. ఇది కొత్తగా కనిపెట్టిన పొరపాటేమీ కాదు. జీవావరణ శాస్త్రవేత్త స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ 1984లోనే దీనికి సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టి, తన రంగంలోని ప్రయోగాల్లో అది ఎంతగా పాతుకుపోయిందో చూపించారు.

ఇప్పుడు అదే చాట్‌బాట్‌ను ఇలా అడిగితే: "మందు ఇచ్చిన ఎలుకలు 3, ఇవ్వనివి 3. ఒక్కోదాని నుంచి 20 కణాలు కొలిచాను. ఏ టెస్ట్ వాడాలి?" ఇప్పుడున్న మంచి మోడళ్లు చాలావరకు ఎలుక వారీగా సగటు తీయమనో, ఏ కణం ఏ ఎలుకదో లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడమనో చెబుతాయి. కణాలను విడివిడిగా లెక్కపెట్టవద్దని హెచ్చరిస్తాయి కూడా. యంత్రం అదే, డేటా అదే. మారింది ప్రశ్నలోని ఒక్క వివరం. ఆ వివరం ముఖ్యమని తెలియడమే సైన్స్‌లో పరిశోధన శిక్షణ. పీజీ, పీహెచ్‌డీ స్థాయిలో చాట్‌బాట్‌లు మంచివా చెడ్డవా అన్న చర్చ చాలాచోట్ల కాపీ కొట్టడం దగ్గరే ఆగిపోతోంది. అంతకంటే లోతైన చిక్కు ఇది. చాట్‌బాట్‌కు ఏం చెప్పాలో తెలియాలంటే విషయం తెలిసి ఉండాలి. విషయం నేర్చుకోవడానికే విద్యార్థి దాని దగ్గరకు వెళ్తున్నారు.

పదం తర్వాత పదం

వీటి మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో తెలియాలంటే లోపల జరిగేది కొంచెం తెలియాలి. 2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణాన్ని ప్రకటించారు. ఇప్పుడు చాట్‌బాట్‌ల వెనక ఉన్న భాషా మోడళ్లలో ఎక్కువ భాగం దాని మీదే కట్టినవి. లెక్కలేనంత రాత చదివించి, ఇంతవరకు వచ్చిన మాటల తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో అంచనా కట్టడం వీటికి నేర్పిస్తారు. ఆ పైన, ఏ జవాబు బాగుందో మనుషుల చేత చెప్పించి ఇంకో విడత తీర్చిదిద్దుతారు. ఈ రెండో విడత వల్లే జవాబులు మర్యాదగా, పొందికగా వస్తాయి. ఇందులోనే ఒక ప్రమాదమూ ఉంది. మెచ్చుకోలు కోసం తయారైన జవాబు అడిగినవారి అభిప్రాయానికే మొగ్గుతుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓ మోడల్‌కు ఇచ్చిన ఒక అప్‌డేట్‌ను కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అతిగా తలూపుతోందన్నదే కారణం. తన సిద్ధాంతం మీద మనసు పారేసుకున్న రీసెర్చ్ స్కాలర్‌కు, దేనికైనా "చాలా మంచి ఆలోచన" అనే తోడు దొరకడం కంటే చేటు లేదు. గైడ్ చేసే పనిలో సగం ఆ ఆలోచనను పడగొట్టడానికి ప్రయత్నించడమే కదా.

పుస్తకంలో ఎక్కువసార్లు వచ్చే సంగతుల్లో ఈ యంత్రాలు బలంగా ఉంటాయి. థర్మోడైనమిక్స్ రెండో నియమం, పీసీఆర్ పనిచేసే తీరు, ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ధర్మాలు లక్షల చోట్ల, రకరకాల మాటల్లో రాసి ఉన్నాయి. పరిశోధన మాత్రం ఎక్కువమంది రాయని చోటే మొదలవుతుంది. ఒక ప్రత్యేకమైన మిశ్రమ లోహం గురించి ప్రపంచం మొత్తం మీద ఆరు పేపర్లే ఉండొచ్చు. అందులో రెండు ఒకదానికొకటి విరుద్ధంగా ఉండొచ్చు. అలాంటి చోట కూడా యంత్రం గొంతు ఏమాత్రం తడబడదు. బీఎస్సీ ప్రశ్నకు ఎంత ధీమాగా చెబుతుందో దీనికీ అంతే ధీమాగా చెబుతుంది. మనిషిలో అయితే ఆ తడబాటే వినేవారిని హెచ్చరిస్తుంది.

రిఫరెన్సుల సంగతి అందరికీ తెలిసిందే అయినా అది ఎందుకు జరుగుతుందో గమనించాలి. రచయితల పేర్లు, ఏడాది, శీర్షిక, జర్నల్, వాల్యూమ్, పేజీలు: రిఫరెన్స్ ఒక మూస. మూసలోకి నప్పే మాటలు పోయడంలో ఈ మోడళ్లది అందెవేసిన చేయి. అందుకే లేని పేపర్ అచ్చం ఉన్న పేపర్‌లాగే పుడుతుంది. 2023లో సైంటిఫిక్ రిపోర్ట్స్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశీలనలో జీపీటీ-3.5 ఇచ్చిన రిఫరెన్సుల్లో 55 శాతం, జీపీటీ-4 ఇచ్చినవాటిలో 18 శాతం కల్పితాలని తేలింది. ఇంటర్నెట్‌లో వెతికి చెప్పే సౌకర్యం వచ్చాక ఈ బెడద తగ్గింది. దాని స్థానంలో ఇంకా పట్టుకోవడం కష్టమైనది మిగిలింది. పేపర్ నిజంగానే ఉంటుంది, లింక్ తెరుచుకుంటుంది, కానీ అందులో ఉందని చెప్పిన సంగతి అందులో ఉండదు. పేపర్ చదివితే తప్ప ఇది బయటపడదు.

సైన్స్ కోసమే ప్రత్యేకంగా తయారుచేసినంత మాత్రాన ఈ లక్షణం పోదు. శాస్త్ర పత్రాలు, పాఠ్యపుస్తకాల వంటివాటి మీద శిక్షణ ఇచ్చిన గెలాక్టికా మోడల్‌ను మెటా సంస్థ 2022 నవంబర్ 15న జనం ముందుకు తెచ్చింది. నమ్మశక్యంగా కనిపించే అబద్ధాలు రాస్తోందని శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టడంతో మూడు రోజుల్లోనే దాని డెమో తీసేసింది. అదే నెల 30న చాట్‌జీపీటీ వచ్చింది.

ఒక తప్పు ఎలా పుట్టి ఎలా పాతుకుపోతుందో చూడాలంటే "వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ" అనే మాట చాలు. అలాంటి పద్ధతి సైన్స్‌లో లేదు. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ఉంది, ట్రాన్స్‌మిషన్ ఉంది. వెజిటేటివ్ ఎక్కడి నుంచి వచ్చింది? 1950ల నాటి బ్యాక్టీరియాలజీ పత్రాలను స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, రెండు కాలమ్‌ల పేజీలో ఒక కాలమ్ చివరి వెజిటేటివ్ అనే మాట పక్క కాలమ్‌లోని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో అతుక్కుపోయింది. దశాబ్దాల తర్వాత అదే మాట కొన్ని ఇరాన్ పేపర్లలో కనిపించింది. పర్షియన్‌లో స్కానింగ్, వెజిటేటివ్ అనే మాటలకు తేడా ఒక్క చుక్క. ఇవన్నీ భాషా మోడళ్ల శిక్షణలోకి వెళ్లాయి. 2025లో పరిశోధకులు పరీక్షిస్తే జీపీటీ-3 నుంచి తర్వాతి మోడళ్లు ఆ అర్థంలేని మాటను తామే పూరించాయి. మైక్రోస్కోప్ ముందు ఒక్క రోజు కూర్చున్నవారికి ఆ మాట చెవికి అడ్డం తగులుతుంది. ఆ అడ్డం తగిలే గుణమే విద్యార్థిలో పెరగాలి.

పని అయింది, చదువు అయిందా?

చాట్‌బాట్‌లు నేర్పుతాయా, నేర్చుకోనివ్వవా అన్న ప్రశ్నకు ఇప్పటివరకు వచ్చిన మంచి ప్రయోగాలు రెండు వైపులా చూపిస్తాయి. అందులో వైరుధ్యం లేదు, జాగ్రత్తగా చూస్తే.

టర్కీలో హైస్కూల్ లెక్కల తరగతుల్లో దాదాపు వెయ్యిమంది మీద చేసిన ప్రయోగం 2025లో అచ్చయింది. ఒక గుంపుకు మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. రెండో గుంపుకు జవాబు నేరుగా చెప్పకుండా, ఉపాధ్యాయులు రాసిన సూచనలతో దారి చూపేది ఇచ్చారు. మూడో గుంపుకు ఏదీ లేదు. అభ్యాసం చేసేటప్పుడు మొదటి గుంపు మార్కులు 48 శాతం, రెండో గుంపువి 127 శాతం పెరిగాయి. తర్వాత చాట్‌బాట్ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు, అసలు ఏదీ వాడనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. దారి చూపేది వాడినవాళ్లకు ఆ నష్టం చాలావరకు తప్పింది. అదే ఏడాది అచ్చయిన మరో అధ్యయనంలో హార్వర్డ్‌లో 194 మంది ఫిజిక్స్ విద్యార్థులు, జాగ్రత్తగా రూపొందించిన ఏఐ ట్యూటర్‌తో క్లాసులో కంటే తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నారు. ఆ ట్యూటర్‌కు సరైన పరిష్కారాలు ముందే ఇచ్చారు. ఒక్కో అడుగు మాత్రమే వేయించమని కట్టడి చేశారు.

రెండింటినీ పక్కపక్కన పెడితే తేలేదేమిటంటే, ఆలోచించే పని ఎవరి మీద పడిందన్నదే ఫలితాన్ని నిర్ణయించింది. అయితే ఇవి స్కూల్, డిగ్రీ స్థాయి ప్రయోగాలు. అక్కడ సరైన జవాబు ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, దాన్ని ట్యూటర్‌కు ముందే ఇవ్వొచ్చు. థీసిస్ సమస్యకు జవాబు ఎవరి దగ్గరా ఉండదు. అది దొరికిపోయి ఉంటే థీసిస్సే అక్కర్లేదు. కాబట్టి హార్వర్డ్ ఫలితాన్ని చూపించి "పరిశోధన విద్యార్థులకూ మంచిదే" అనడం తొందరపాటు. ఎమ్మెస్సీ కోర్సు పాఠాలకైతే అది చాలావరకు వర్తిస్తుంది. క్వాంటం మెకానిక్స్‌లో పర్టర్బేషన్ లెక్కలు చేసేటప్పుడు దారి చూపే ట్యూటర్ ఉంటే మంచిదే.

ఇంకో చిక్కు, నేర్చుకున్నామన్న భావన మనల్ని మోసం చేస్తుంది. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనే జరిగిన ఒక ప్రయోగంలో, తామే కుస్తీపట్టి లెక్కలు చేసిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు. కానీ చక్కటి లెక్చర్ విన్నవాళ్లే తాము ఎక్కువ నేర్చుకున్నట్టు అనుకున్నారు. చాట్‌బాట్ ఇచ్చే వివరణ ఆ చక్కటి లెక్చర్ లాంటిదే: నున్నగా, ఎక్కడా అడ్డం తగలకుండా సాగిపోతుంది. అనుభవం ఉన్నా ఈ భ్రమ నుంచి తప్పించుకోవడం కష్టం. 2025లో మీటర్ అనే సంస్థ 16 మంది ఆరితేరిన ప్రోగ్రామర్లకు తమకు బాగా అలవాటైన ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చి చూసింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. 20 శాతం వేగంగా చేశామని వాళ్లు నమ్మారు. అప్పటి పరికరాలతో, చిన్న గుంపు మీద వచ్చిన ఫలితం కాబట్టి వేగం లెక్కను అన్నిచోట్లా అంటగట్టలేం. తమ పని మీద తమ అంచనా అంతగా తప్పడం మాత్రం మర్చిపోదగ్గది కాదు.

అందుకే పరిశోధన విద్యలో ఒక్కో పనినీ "ఇది ఫలితం కోసమా, నేర్చుకోవడం కోసమా?" అని విడిగా అడగాలి. అదే పని ఒకరికి ఒకటి, మరొకరికి ఇంకొకటి. గ్రాఫ్ గీసే కోడ్ నాలుగో ఏడాది విద్యార్థికి వట్టి చాకిరీ. చాట్‌బాట్‌కు అప్పగించి ఆ గంట ఫలితం గురించి ఆలోచించడానికి వాడుకుంటే లాభమే. మొదటి ఏడాది విద్యార్థికి అదే కోడ్ రాస్తుండగా యాక్సిస్ లాగ్‌లో ఎందుకు ఉండాలి, ఎర్రర్ బార్ అంటే స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా అన్న ప్రశ్నలు ఎదురవుతాయి. పని అప్పగిస్తే ఆ ప్రశ్నలే రావు. ఒకే ల్యాబ్‌లో అందరికీ ఒకే నియమం పెట్టడం కుదరనిది ఇందుకే.

ఎక్కడ నిజంగా పనికొస్తుంది

గైడ్‌ను అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలు ప్రతి విద్యార్థి దగ్గరా ఉంటాయి. "ఎమ్మెస్సీ చదివి ఇది కూడా తెలియదా" అంటారేమోనన్న భయంతో ఐజెన్‌వాల్యూ అంటే ఏమిటో, బఫర్ పీహెచ్ ఎందుకు మారదో అడగకుండా ఏళ్లు గడిపేసినవాళ్లు ఉన్నారు. అర్ధరాత్రి అయినా విసుక్కోకుండా, పదోసారి అడిగినా మొహం చిట్లించకుండా చెప్పే తోడు వాళ్లకు నిజంగా పెద్ద ఊరట. దీన్ని చిన్నచూపు చూడకూడదు. ఇవి లక్షల చోట్ల రాసి ఉన్న సంగతులు కాబట్టి తప్పు వచ్చే అవకాశమూ తక్కువే, పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవడమూ సులువే.

భాష విషయంలో మేలు ఇంకా ఎక్కువ. ప్రపంచ సైన్స్‌లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లో అచ్చవుతుంది, చేసేవారిలో చాలామందికి అది మాతృభాష కాదు. ప్రయోగం అద్భుతంగా చేసి, ఆర్టికల్స్, ప్రిపోజిషన్ల దగ్గర తడబడి రివ్యూయర్ చేత "ఇంగ్లిష్ బాగుచేయించుకోండి" అనిపించుకున్న బాధ తెలిసినవారికి ఈ సాయం విలువ వేరే చెప్పనక్కర్లేదు. తాము రాసినదాన్ని సరిదిద్దించుకోవడం ఒకటి, రాయించుకోవడం ఒకటి. డిస్కషన్ సెక్షన్ రాయలేక కూర్చున్న మధ్యాహ్నం వృథా కాదు. తన డేటా ఏం చెబుతోందో తనకే ఇంకా తేలలేదని విద్యార్థికి తెలిసేది ఆ మధ్యాహ్నమే. ముందు మాతృభాషలోనైనా సరే, తన వాదన నాలుగు వాక్యాల్లో రాసుకుని, ఆ తర్వాత ఇంగ్లిష్ సవరణకు చాట్‌బాట్ దగ్గరకు వెళ్తే ఆలోచన తనదే అవుతుంది.

వైవాకు ముందు ఎదురు ప్రశ్నలు వేయించుకోవడం మరో మంచి వాడకం. "నా పద్ధతిలో లోపాలు వెతికే ఎగ్జామినర్‌లా ప్రశ్నించు, జవాబులు నువ్వు చెప్పకు" అంటే అది బాగానే ప్రశ్నిస్తుంది. ఇక్కడ యంత్రం తప్పు ప్రశ్న వేసినా నష్టం లేదు. అది ఎందుకు తప్పో చెప్పడమూ సాధనే.

కోడ్ దగ్గర మాత్రం ఒక అలవాటు తప్పనిసరిగా నేర్పాలి: జవాబు ముందే తెలిసిన డేటాతో పరీక్షించడం. ఎంజైమ్ వేగాల ఉదాహరణ తీసుకుందాం. ఎంజైమ్ పనిచేసే పదార్థం, అంటే సబ్‌స్ట్రేట్, ఎంత ఉంటే వేగం ఎంతో చెప్పే మైకేలిస్-మెంటెన్ సమీకరణం 1913 నాటిది. దాన్ని తలకిందులు చేసి సరళరేఖగా గీసే లైన్‌వీవర్-బర్క్ పద్ధతి 1934 నాటిది. ఆ రేఖ పాఠ్యపుస్తకాల నిండా ఉంది కాబట్టి చాట్‌బాట్ కోడ్‌లోనూ అది తొంగిచూడొచ్చు. విద్యార్థి వీమ్యాక్స్ (గరిష్ఠ వేగం) 100, కేఎం (వేగం అందులో సగానికి చేరే సబ్‌స్ట్రేట్ మోతాదు) 5 అని తనే నిర్ణయించుకుని, ఆ సమీకరణంతో వేగాలు లెక్కగట్టి, వాటికి ప్లస్ ఆర్ మైనస్ 0.5 వరకు కొలత దోషం కలపాలి. సబ్‌స్ట్రేట్ 20 ఉన్నచోట వేగం 80 వస్తుంది. దాన్ని తలకిందులు చేస్తే 0.0125, దోషం వల్ల అది నాలుగో దశాంశం దగ్గర మాత్రమే కదులుతుంది. సబ్‌స్ట్రేట్ 0.1 ఉన్నచోట వేగం దాదాపు 2. అదే 0.5 దోషం వల్ల అది 1.5 కావచ్చు, 2.5 కావచ్చు. తలకిందులు చేస్తే 0.67 నుంచి 0.40 వరకు ఊగుతుంది. గ్రాఫ్‌లో ఆ బిందువు కుడి చివర కూర్చుని రేఖ మొత్తాన్ని తనవైపు లాగుతుంది. కోడ్ 100, 5 దగ్గరకు రాకుండా ఎక్కడికో పోతుంది. డేటాను తలకిందులు చేయకుండా నేరుగా వక్రరేఖను అమర్చే కోడ్‌తో మళ్లీ చేస్తే 100, 5 దగ్గరకే వస్తుంది. ఇదంతా అరగంట పని. ఈ అరగంటలో విద్యార్థి చాట్‌బాట్ కోడ్‌ను పరీక్షించడమే కాదు, దోషాలు ఎలా ప్రయాణిస్తాయో తన కళ్లతో చూస్తారు.

మొదట్లో చెప్పిన ఎలుకల లెక్కకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. మందు ప్రభావం సున్నా అని పెట్టి, ఎలుకకూ ఎలుకకూ మధ్య కొంత తేడా ఉంచి, ఉత్తుత్తి డేటా వెయ్యిసార్లు తయారుచేసి ఆ టీ-టెస్ట్ నడిపితే, నూటికి అయిదుసార్లు రావాల్సిన తప్పుడు అలారం అంతకు ఎన్నో రెట్లు మోగుతుంది. ఆ కోడ్‌ను చాట్‌బాట్ చేతే రాయించినా ఫర్వాలేదు. అనుమానం మాత్రం విద్యార్థికే రావాలి.

నిబంధనలు, డిటెక్టర్లు

రాత వ్యవహారంలో జర్నళ్లు త్వరగానే తేల్చుకున్నాయి. 2023 జనవరిలో నేచర్, భాషా మోడల్‌ను రచయితగా ఒప్పుకోబోమని, వాడితే ఆ సంగతి చెప్పాలని ప్రకటించింది. తప్పు జరిగితే బాధ్యత మోయలేని యంత్రం రచయిత కాలేదన్నది వాదన. సైన్స్ అనే జర్నల్ మొదట పూర్తిగా నిషేధించి, అదే ఏడాది నవంబర్‌లో వెల్లడించి వాడుకోవచ్చని సడలించింది. ఇతరుల రిసెర్చ్ ప్రపోజళ్లను సమీక్షించేటప్పుడు వీటిని వాడకూడదని అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 2023 జూన్‌లో స్పష్టం చేసింది. గోప్యంగా ఉంచాల్సిన సమాచారం బయటి కంపెనీ సర్వర్లకు చేరుతుందన్నదే కారణం. ఇది విద్యార్థులకూ నేరుగా తగిలే విషయం. ఇంకా అచ్చుకాని డేటా, రోగుల వివరాలు, గైడ్ చదివి చూడమని ఇచ్చిన వేరేవాళ్ల పేపర్ చాట్‌బాట్‌లో పేస్ట్ చేసేముందు ఆగాలి. ఈ ముక్క చాలామందికి ఎవరూ చెప్పరు.

కొన్ని యూనివర్సిటీలు మాత్రం ఏఐ రాతను పట్టుకునే డిటెక్టర్ల మీద ఇంకా ఆశ పెట్టుకుంటున్నాయి. ఓపెన్‌ఏఐ తనే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ తెచ్చి, సరిగా పట్టుకోలేకపోతోందని జులైలో ఆపేసింది. యంత్రం రాసినదాంట్లో 26 శాతమే అది గుర్తించేది. మనుషులు రాసినదాన్ని నూటికి తొమ్మిదిసార్లు యంత్రానికి అంటగట్టేది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది ఏడు డిటెక్టర్లను టోఫెల్ వ్యాసాల మీద పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివారు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని ఏఐ రాతగా ముద్రవేశాయి. సాదా పదాలతో జాగ్రత్తగా రాసేవారి మీదే ఆ అనుమానం పడింది. కష్టపడి సొంతంగా థీసిస్ రాసుకున్న విద్యార్థి ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చిన శాతం చూపించి దొంగ అనిపించుకోవడం ఘోరమైన అన్యాయం. ఆ శాతాన్ని సాక్ష్యంగా ఏ కమిటీ తీసుకోకూడదు.

పట్టుకోవడానికి ఇంతకంటే పాతదీ గట్టిదీ ఒక సాధనం ఉంది: ఎదురుగా కూర్చోబెట్టి అడగడం. "ఈ టెస్టే ఎందుకు?" "ఈ గ్రాఫ్‌లో ఎన్ 60 అని ఉంది, 60 ఏమిటి?" ఏడాదికోసారి జరిగే కమిటీ మీటింగ్‌లో బోర్డు దగ్గర అరగంట నిలబెట్టి ఇలాంటివి అడిగితే, ఎవరు ఎంత అర్థం చేసుకున్నారో తెలిసిపోతుంది. చాట్‌బాట్ వాడారా లేదా అన్నది అప్పుడు పెద్ద ప్రశ్న కాదు. ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీతో పాటు ఏం అడిగారు, ఏం వచ్చింది, దాన్ని ఎలా సరిచూశారు అన్న మూడూ రాసే అలవాటు చేయిస్తే ఇంకా మంచిది. రియేజెంట్ బ్యాచ్ నంబర్ రాసుకుంటాం కదా, ఇదీ అలాంటిదే.

చిన్న పనులు ఎవరు చేస్తారు?

విద్యార్థుల వాడకం గురించి ఇంత చర్చ జరుగుతోంది కానీ, గైడ్‌ల వాడకం వల్ల శిక్షణకు జరిగే నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. ల్యాబ్‌లో కొత్తగా చేరినవారికి ఇచ్చే పనులు ఎప్పుడూ ఒకటే: ఈ ఇరవై పేపర్లు చదివి ఒక పేజీ రాసుకురా, ఈ పాత డేటాను శుభ్రం చెయ్, ఈ గ్రాఫ్ మళ్లీ గీయి. గైడ్‌కు అవి పూర్తయితే చాలు. విద్యార్థికి మాత్రం అవే మొదటి మెట్లు. ఇరవై పేపర్లు చదివినప్పుడే, ఏ ల్యాబ్ కొలతలు నిలకడగా ఉంటాయో, ఏ పేపర్ మెథడ్స్ సెక్షన్‌లో ఏదో దాచినట్టుందో ముక్కుకు పసిగట్టడం వస్తుంది. డేటా శుభ్రం చేస్తుంటేనే మార్చిలో ఇన్‌స్ట్రుమెంట్ క్యాలిబ్రేషన్ తప్పిందని తెలుస్తుంది. ఇప్పుడు ఆ పనులు గైడే పది నిమిషాల్లో చాట్‌బాట్‌తో చేయించుకోగలరు. కొత్త విద్యార్థి కోసం రెండు వారాలు ఆగడం ఎందుకనిపిస్తుంది. ఆ లెక్క ఆ రెండు వారాలకు సరిపోతుంది, అయిదేళ్లకు సరిపోదు. చాట్‌బాట్ ఇచ్చిన సారాంశంలో తప్పును పట్టుకోగలిగిన గైడ్, ఒకప్పుడు ఆ ఇరవై పేపర్లు చదివిన విద్యార్థే.

దీనికి ఖరీదైన ఏర్పాట్లేమీ అక్కర్లేదు. కొత్తవారికి పేపర్లు ఇచ్చేటప్పుడు చాట్‌బాట్ సారాంశం కూడా చేతికిచ్చి, "పేపర్లు చదివి ఇందులో ఏది తప్పో, ఏది వదిలేసిందో చెప్పు" అనొచ్చు. మొదటి సెమిస్టర్‌లో ఒక విశ్లేషణ అయినా పూర్తిగా సొంత చేత్తో చేయించి, తర్వాత అదే చాట్‌బాట్‌తో చేయించి, రెండూ ఎక్కడ విడిపోయాయో ల్యాబ్ మీటింగ్‌లో చెప్పించొచ్చు. కొన్నిసార్లు చాట్‌బాటే నెగ్గుతుంది. అప్పుడు ఎందుకు నెగ్గిందో చెప్పాల్సిందీ విద్యార్థే. ఎలుకల డేటా తెచ్చిన ఆ విద్యార్థిని మీటింగ్‌లో మొదటి స్లైడ్ వేయగానే "కణాలు సరే, ఎలుకలు ఎన్ని?" అని అడిగే సీనియర్ ఒకరు ఆ గదిలో ఉండాలి. అలాంటి సీనియర్ తయారవడానికి ఆరేడేళ్లు పడుతుంది.